మెక్సికో పటములలో దైవము, జాతి, దేహము



పటమును చూపక పటమును గూర్చి చెప్పుట, విస్తరి వేయక వంట రుచిని వర్ణించుట వంటిది. ఈ ప్రసంగము నాకు ఒప్పగింపబడినప్పుడు మొదట వెనుకాడితిని. అయినను ఒప్పుకొంటిని. ఏలయనగా మెక్సికో దేశములో ఒక పటము వెంట సైన్యములు నడచినవి. ఒక పటముమీది రెండు మూడు మాటల కొఱకు ఒక పెద్ద గోడ ఏండ్ల తరబడి మఱుగున నుండెను. ఒక పటము కొఱకు రైతులు రాజధానికి వచ్చి చేయి చేసికొనిరి. పటములకు ఇంత బలము గల దేశమును గూర్చి మాటలతోనైనను కొంత చెప్పవచ్చునని తోచినది. నేను ఆ దేశమును చూచినవాడను కాను. గ్రంథములలోని ప్రతులను చూచి, చరిత్రలను చదివి తెలిసికొన్న దానినే విన్నవించుచున్నాను.

ముందుగా ఒక మాట. ఈ ప్రసంగములో దేవుని సంగతితో పాటు దేహము సంగతియు వచ్చును. పురుషుడు పురుషుని, స్త్రీ స్త్రీని ప్రేమించుటను గూర్చియు చెప్పవలసివచ్చును. పెద్దలు లోకము నెఱుగనివారు కారు గనుక దాచక చెప్పెదను.

మెక్సికో నగరమునకు ఉత్తరపు దిక్కున తెపెయాక్ అను గుట్ట కలదు. 1521లో స్పెయినువారు ఆస్టెకుల రాజధానిని పట్టుకొనకముందు అచ్చట తొనాన్‌త్సిన్ అను దేవతకు పూజలు జరిగెడివి. ఆ పేరునకు ‘మా తల్లి’ యని యర్థము. భక్తులు చెప్పు కథ యిది. 1531 డిసెంబరులో హువాన్ డియేగో అను ఆదివాసి, క్రొత్తగా క్రైస్తవము పుచ్చుకొన్నవాడు, ఆ గుట్ట దారిని పోవుచుండగా మరియమాత యతనికి కనబడి, అతని నవాట్ల్ భాషలోనే పలుకరించి, తన కచ్చట గుడి కట్టింపవలసినదని బిషప్పుతో చెప్పుమనెను. బిషప్పు గుఱుతు అడిగెను. ఆ చలికాలమున రాతిగుట్టపై పూలు పూచినవి. హువాన్ డియేగో వానిని కోసి తన కిత్తనార ఉత్తరీయములో నొడిగట్టి తెచ్చి బిషప్పు ముందు విప్పగా, పూలు నేల రాలినవి. బట్టమీద మాత రూపము నిలిచినది. ఆ బట్ట నేటికిని తెపెయాక్ దేవాలయములో అద్దము వెనుక నున్నది. ఏటేట డిసెంబరు 12వ తేదీ యుత్సవమునకు లక్షల కొలది జనులు నడచియు, మోకాళ్లమీద ప్రాకియు వచ్చెదరు. ఈ మాతకే గ్వాడలూపే మాత యని పేరు.

ఆమె రూపమును మనసున నిలుపుకొనుడు. చామనచాయ మొగము, వంచిన తల, జోడించిన చేతులు. నీలము పచ్చన కలిసిన మేలిముసుగుమీద నక్షత్రములు. చుట్టును సూర్యకిరణములు, పాదముల క్రింద చంద్రవంక, దాని క్రింద రెక్కల బాలుడు. నడుమున నల్లని పట్టీ కలదు. అది గర్భవతికి చిహ్నమని చెప్పుదురు. ఐరోపా చర్చీలలోని మరియమ్మకును, గుట్టమీది పాత తల్లికిని నడుమ ఈమె నిలిచినది. ఈ సంగతిని ఆ కాలపు పాదిరీలు కనిపెట్టకపోలేదు. సహగూన్ అను పండితుడైన సన్న్యాసి, జనులు మరియమ్మ పేరు చెప్పి తొనాన్‌త్సిన్‌నే కొలుచుచున్నారేమోయని గట్టిగా అనుమానించెను. 1556లో బుస్తమాంతే అను ఫ్రాన్సిస్కన్ పీఠాధిపతి యొక పండుగనాటి ఉపన్యాసములో, ఆ పటమును వ్రాసినవాడు మార్కోస్ అను ఆదివాసి చిత్రకారుడని బహిరంగముగా పలికెను. దర్శనకథ సమగ్రముగా అచ్చుపడినది 1648లో స్పానిష్ భాషయందును, 1649లో నవాట్ల్ భాషయందును. అనగా అది జరిగినదని చెప్పబడు కాలమునకు నూఱేండ్లు దాటిన పిమ్మట. చరిత్రకారుల వాదములు నేటికిని తెగలేదు. 2002లో పోపు రెండవ జాన్ పాల్ మెక్సికోకు వచ్చి హువాన్ డియేగోను పునీతునిగా ప్రకటించెను. నా కొక్కటి తోచును. బుస్తమాంతే పలికినది నిజమగునేని, ఓడిపోయిన జాతివాడొకడు గెలిచినవారి దేవతకు తన తల్లి చాయ నద్దెనన్నమాట. ఆ తరువాతి మెక్సికో చిత్రకారు లందఱును ఆ పనినే ఏదో యొక రీతిగా చేయుచు వచ్చిరి.

1810 సెప్టెంబరు 16వ తేదీన హిదాల్గో అను పల్లెటూరి పాదిరీ స్పెయిను ప్రభుత్వముపై తిరుగుబాటు చేసినప్పుడు, త్రోవలోని యొక గుడినుండి గ్వాడలూపే పటమును తీసికొని దానినే జెండాగా నెత్తించెను. నూఱేండ్ల తరువాత సపాతా వెంట రాజధాని ప్రవేశించిన రైతుసేనలును ఈ మాత పటములనే పట్టుకొని వచ్చిరి. 1921లో ఎవరో పూలగుత్తిలో బాంబు దాచి వేదికమీద నుంచిరి. ప్రేలుడునకు కంచు సిలువ విల్లువలె వంగిపోయినది. పటముపై అద్దము సయితము చిట్లలేదు. ఆ వంగిన సిలువను ఇప్పటికిని గుడిలో చూపుచున్నారు. ఆ దేశములో గ్వాడలూపే యను పేరు ఆడువారికిని మగవారికిని కలదు. ఈ ప్రసంగములోనే అట్టి పేరు గలవా రింక నిద్దఱు రానున్నారు.

ఇక జాతి సంగతి. పదునెనిమిదవ శతాబ్దిలో మెక్సికోలో ‘కాస్తా’ పటములని యొక విచిత్రమైన రకము పుట్టినది. సాధారణముగా పదునాఱు పటముల వరుస. ప్రతి పటములో ఒక తండ్రి, ఒక తల్లి, ఒక బిడ్డ. స్పెయిను పురుషునకును ఆదివాసి స్త్రీకిని పుట్టినవాడు మెస్తీసో; మెస్తీసోకును స్పెయిను జాతికిని పుట్టినవాడు కస్తీసో; కస్తీసో మరల స్పెయిను జాతితో కలిసినచో బిడ్డ స్పెయినువాడే. ఆఫ్రికా రక్తము కలిసినవారికి మాత్రము ఈ తిరుగుదారి లేదు. వారి బిడ్డలకు ‘తోడేలు’, ‘వెనుకకు మరలినది’, ‘గాలిలో నిలిచినది’ యనునట్టి పేర్లు పెట్టిరి. మిగెల్ కబ్రేరా 1763లో వ్రాసిన వరుస వీనిలో మిక్కిలి పేరుపొందినది. గ్వాడలూపే బట్టను పరీక్షించి అది మానవుని చేతిపని కాదని పుస్తకము వ్రాసినవాడును ఈ కబ్రేరాయే. పటములు చూడ ముచ్చటగానే యుండును. తండ్రి కొనుచున్న బట్టలు, పండ్ల బుట్టలు, బిడ్డల చేష్టలు. కాని ఎవరు ఎవరితో కాపురము చేసిరో లెక్క కట్టి అంతస్తు నిర్ణయించుటయే వాని పని. పడకటింటి సంగతి ప్రభుత్వపు దస్తరమునకు ఎక్కినదన్నమాట. మన దేశమునకు వచ్చిన పోర్చుగీసువారు ఈ ‘కాస్తా’ మాటనే మన కులములకు వాడిరి. దానినుండియే ఇంగ్లీషువారి ‘క్యాస్టు’ పుట్టినది. మాట మనది కాదు, అది కప్పిన పుండు మాత్రము మనది.

పెద్ద చిత్రకారుల మాట యటుంచి, బీదల పటములను చూతము. మెక్సికో గుడులలో మ్రొక్కుబడి పటములు గోడల నిండ నుండును. మనిషికి జబ్బు తగ్గినను, ఎద్దు కుమ్మి బ్రదికినను, చెఱనుండి బయటపడినను, వేల్పునకు మ్రొక్కుకొన్న మాట చెల్లించుటకు ఒక చిన్న పటము వ్రాయించి గుడిలో తగిలింతురు. లోహముతో చేసిన చిన్న కాళ్లు, కన్నులు, గుండెలు గూడ సమర్పింతురు. పూర్వము గుడ్డమీద వ్రాయించుట కలవారికే సాధ్యమయ్యెడిది. పందొమ్మిదవ శతాబ్దిలో తగరపు రేకు చౌకగా దొరకుటచే కూలివారును వ్రాయింపగలిగిరి. పటము కట్టుబడి యించుమించుగా ఒక్కటే. పై మూల మేఘములలో వేల్పు. నడుమ జరిగిన ప్రమాదము. అడుగున రెండు మూడు వాక్యములలో పేరు, ఊరు, తేదీ, కృతజ్ఞత. అక్షరములలో తప్పులు కోకొల్లలు. వ్రాసినవాని పేరు తఱచుగా నుండదు. రక్తము, మంచము, పడిపోయిన గోడ, ఏదియు మఱుగుపడదు. దేవునితో మాటలాడునప్పుడు సిగ్గు లేదని ఆ జనుల నమ్మకము కాబోలు. ఈ పటములను చూచిన తరువాత పెద్ద వస్తుశాలలలోని చిత్రములు నాకు కొంత కాలము చప్పగా తోచినవని ఒప్పుకొనవలయును.

ఈ రేకు పటములనుండి పాఠము నేర్చినది ఫ్రీడా కాలో. ఈమె 1907 జూలై 6వ తేదీన మెక్సికో నగరపు అంచునగల కొయొఅకాన్‌లో జన్మించెను. తండ్రి జర్మనీనుండి వచ్చిన ఛాయాగ్రాహకుడు. తల్లి ఆదివాసి, స్పెయిను రక్తములు కలిసినది, గొప్ప భక్తురాలు. 1925 సెప్టెంబరు 17వ తేదీన ఫ్రీడా ఎక్కిన బస్సును ట్రాముబండి గ్రుద్దెను. ఇనుప కమ్మి యొకటి కటిభాగములో దిగబడినది, వెన్నెముక విఱిగినది. నెలల తరబడి మంచమున నుండి, పైన కట్టిన అద్దములో తన మొగము చూచుకొనుచు చిత్రించుట నేర్చుకొనెను. 1929లో తనకంటె ఇరువదేండ్లు పెద్దవాడైన ప్రసిద్ధ చిత్రకారుడు డియేగో రివేరాను వివాహమాడెను. 1932లో గర్భము పోయినప్పుడు తన యాసుపత్రి మంచమును, రక్తమును, పోయిన శిశువును చిన్న లోహపు రేకుమీద వ్రాసెను. కట్టుబడి యంతయు మ్రొక్కుబడి పటముదే. మేఘములలో వేల్పు మాత్రము లేదు. ఆమె కమ్యూనిస్టు. తల్లి నమ్మిన దానిని ఆమె నమ్మలేదు. అయినను వందల కొలది మ్రొక్కుబడి పటములను సేకరించి యింటి గోడలకు తగిలించుకొనెను. ఒకప్పుడు ఎవరిదో యొక పాత మ్రొక్కుబడి పటము ఆమెకు దొరికినది. అందులో బస్సు, ట్రాముబండి, పడియున్న యొక యువతి. అచ్చముగా తన ప్రమాదమే. ఆమె ఆ బండ్లమీది యక్షరములను మార్చి, యువతి మొగమున తన కలిసిన కనుబొమ్మలు దిద్ది, దానిని తన పటముగా చేసికొనెను. నమ్మకము లేనివారికిని కృతజ్ఞత చెప్పుకొను చోటు ఒకటి కావలయునేమో.

1937లో వ్రాసిన ‘నా దాది, నేను’ అను చిత్రములో ఆమె శిశువై ఒక ఆదివాసి స్త్రీ పాలు త్రాగుచుండును. దాదికి మొగము లేదు. పురాతనమైన రాతి ముసుగు కలదు. మరియమ్మ యొడిలోని బాలయేసువలె కూర్చుండబెట్టి, ఒడి మాత్రము పాత దేవతది చేసినది. 1939లో భర్తతో విడాకులైన కాలమున ‘ఇద్దఱు ఫ్రీడాలు’ అను పెద్ద పటము వ్రాసెను. ఒక ఫ్రీడా తెల్లని ఐరోపా గౌనులో నున్నది. మఱియొక ఫ్రీడా దక్షిణ మెక్సికోలోని తెవాన స్త్రీల వేషములో నున్నది. ఇద్దఱి గుండెలును బయటికి కనబడుచు ఒకే నరముతో ముడిపడియున్నవి. తెల్లగౌను ఫ్రీడా గుండె చీలి, నరముకొస కత్తెరతో పట్టి యుండగా నెత్తురు ఒడిలో కారుచున్నది. తండ్రి జాతి, తల్లి జాతి, విఱిగిన ప్రేమ, మూడును ఒక్క నెత్తుటి చాలులో కలిసినవి. ఆ వెంటనే 1940లో మగవాని కోటు, షరాయి తొడిగి, కత్తిరించిన తన జుట్టు నేలపై చెల్లాచెదరై యుండగా కూర్చున్న తన రూపమును వ్రాసెను. అదే సంవత్సరమున మెడకు ముండ్లహారము, దానికి వ్రేలాడు చచ్చిన పిట్టతో నింకొకటి. ముండ్లు క్రీస్తువి; ఆ చిన్న తేనెపిట్టను మెక్సికో పల్లెలలో వలపుమందుగా కట్టుకొందురు. ఆమె పురుషులను ప్రేమించెను, స్త్రీలనుగూడ ప్రేమించెను. 1939లో అడవిలో కూర్చున్న ఇద్దఱు దిగంబర స్త్రీలను, ఒకతెను నల్లగను ఒకతెను తెల్లగను, వ్రాసి దొలోరెస్ దెల్ రీయో అను సినీనటికి బహూకరించెను. 1940 డిసెంబరులో రివేరానే మరల పెండ్లాడి, 1954 జూలై 13వ తేదీన మరణించెను.

రివేరాను గూర్చి త్వరగా చెప్పెదను. అతని గోడలు చాల పెద్దవి, నాకున్న సమయము చాల చిన్నది. చపింగోలోని వ్యవసాయ పాఠశాలలో పూర్వపు జమీందారుల ప్రార్థనామందిరమును 1924 మొదలు 1927 వఱకు చిత్రించెను. పీఠమున్న చోట క్రీస్తునకు బదులు నిండు గర్భిణి, దిగంబరి, భూదేవి. దానికి ఆదర్శముగా కూర్చున్నది ఆనాటి యతని భార్య గ్వాడలూపే మారిన్, పేరు గమనింపుడు. ఆ కాలమున ఆ పాఠశాలలో మొక్కజొన్న విత్తనములపై పరిశోధన చేయుచు పాఠము చెప్పినవారిలో మన వార్ధావాడు, పరదేశమునకు వెళ్లిన విప్లవకారుడు పాండురంగ ఖాన్‌ఖోజే యొకడు. రివేరా వ్రాసిన మఱియొక గోడచిత్రములో రొట్టె విఱుచుచున్న యింటిపెద్ద ఆయనయే యని చెప్పుదురు.

1947లో రాజధానిలోని యొక క్రొత్త హోటలు గోడమీద రివేరా నాలుగు వందల యేండ్ల చరిత్రను ఒక ఆదివారపు కలవలె వ్రాసెను. అందు ఇగ్నాసియో రామీరెస్ అను పూర్వకాలపు నాస్తికుని చేతిలో ‘దేవుడు లేడు’ అను మాటలున్న కాగితము నుంచెను. ఆర్చిబిషప్పు హోటలును ఆశీర్వదింపననెను. కొందఱు విద్యార్థులు చొఱబడి ఆ మాటలను గీకివేసిరి. రివేరా తిరిగి వ్రాసెను. తుదకు గోడ కప్పబడినది. 1956లో, మరణమునకు ఏడాదిన్నర ముందు, రివేరా తానే నిచ్చెన యెక్కి ఆ మాటలను తుడిచి, రామీరెస్ ఉపన్యసించిన సభ పేరును, 1836 అను సంవత్సరమును వ్రాసెను. చరిత్ర తెలిసినవానికి అర్థమగును, తెలియనివానికి నొవ్వదు. ఇది లొంగుబాటో, లౌక్యమో నేను తేల్చుకొనలేదు. 1985 భూకంపములో హోటలు పాడైనది. గోడను పెకలించి ప్రక్కనే యొక చిత్రశాల కట్టి యందులో నిలిపిరి.

ఇక అన్నిటికంటె కష్టమైన పటమునకు వత్తును. దానికి ముందు రెండు మాటలు చెప్పవలయును.

1901 నవంబరులో ఒక రాత్రి మెక్సికో నగరములోని యొక యింటిపై పోలీసులు పడిరి. లోపల పురుషులే నృత్యమాడుచుండిరి; ఇంచుమించు సగముమంది స్త్రీవేషములో నుండిరి. పట్టుబడినవారు నలువదియొక్కరు. వారిచే వీధులూడ్పించి, కొందఱిని దూరపు యుకతాన్ సైన్యమునకు పంపిరి. నలువదిరెండవవాడు అధ్యక్షుని యల్లుడేయని, అతనిని విడిచిపెట్టిరని వదంతి. హోసే గ్వాడలూపే పొసాడా అను అచ్చుబొమ్మల చిత్రకారుడు ఆ నృత్యమును చెక్కగా అణా కాగితములవలె వీధులలో అమ్ముడుపోయినవి, మీసములమీద గౌనులు. జనులు నవ్విరి. ఆ తరువాత చాల కాలము మెక్సికోలో 41 అను సంఖ్యను పలుకుటకే మగవారు జంకెడివారు.

రెండవ మాట సపాతాను గూర్చి. మొరెలోస్ రాష్ట్రములో అనెనెకూయిల్కో అను పల్లె. 1909లో ఆ యూరి ముసలి పెద్దలు తాము చాలనివారమైతిమని చెప్పి, ముప్పది యేండ్ల ఎమిలియానో సపాతాను నాయకునిగా ఎన్నుకొని, తరతరముల భూమి పత్రముల నతని చేతిలో పెట్టిరి. చక్కెర జమీందారులు లాగుకొన్న పొలముల కొఱకు అతడు పదేండ్లు పోరాడి 1919 ఏప్రిలు 10వ తేదీన మోసముచేత కాల్చబడెను. పెద్ద మీసములు, వెడల్పు టోపీ, వెండిగుండీల బిగుతు షరాయి, తెల్లని గుఱ్ఱము. రివేరా మొదలుగా ఎందఱో ఆ రూపమును వ్రాసిరి. మొరెలోస్ రైతునకు సపాతా పటము గ్వాడలూపే పటమునకు ప్రక్కపటము.

2014లో ఫాబియన్ చాయిరెస్ అను యువ చిత్రకారుడు ఒక చిన్న పటము వ్రాసెను. తెల్లని గుఱ్ఱముమీద మీసముల సపాతా దిగంబరుడై, గులాబి రంగు టోపీతో, ఎత్తుమడమల చెప్పులతో, వయ్యారముగా కూర్చుండెను. చెప్పుల మడమలు పిస్తోళ్లు. ఒడలిమీద మూడు రంగుల జెండా నాడా. సపాతా మరణించి నూఱేండ్లైన సందర్భమున 2019లో రాజధానిలోని లలితకళల ప్రాసాదములో జరిగిన ప్రదర్శనములో ఇదియు నుంచబడినది. డిసెంబరు 10వ తేదీన రైతుసంఘములవారు వచ్చి ద్వారముల నడ్డగించి, దానిని తగులబెట్టుడని కేకలు వేసిరి. పటమును సమర్థింప వచ్చినవారిపై పడి కొట్టిరి. సపాతా వంశమువారు దావా వేయుదుమనిరి.

నేను పల్లెలో పుట్టినవాడను. ఆ రైతుల మనసు నాకు తెలియకపోలేదు. వారికి మిగిలినది ఆ పేరు, ఆ పటము. భూమి కొఱకు ప్రాణమిచ్చిన తాతను నవ్వులపాలు చేసిరని వారికి తోచినది. నేనును మొదట ప్రతిని చూచినప్పుడు మొగము త్రిప్పుకొంటిని. రెండు దినములు గడచిన పిమ్మట నాలో నేను అడుగుకొన్న ప్రశ్న యిది: దీనిలో నవ్వులాట యెచ్చట నున్నది? పొసాడా చెక్కిన నలువదియొక్కరి బొమ్మ నవ్వించుటకు చేసినది. ఇది అట్టిది కాదు. ఆడుతనము సిగ్గుచేటని ముందే అనుకొన్నవానికే ఇది అవమానముగా కనబడును. స్త్రీవలె కూర్చుండినంతనే వీరత్వము తగ్గునను మాటను, ఆ విప్లవములో తుపాకి పట్టి పోరాడిన స్త్రీలు వినినచో ఏమనియుందురో. ఇక దెబ్బలు తిన్న యువకుల పక్షమున చెప్పవలసినది కొంచెమే: వారును ఆ దేశపు బిడ్డలే, సపాతా వారికిని తాతయే.

చాయిరెస్ కంటె ముందే ఈ దారి తొక్కినవాడు నావుమ్ సెనిల్. 1947లో వెరాక్రూస్ రాష్ట్రములోని చికొంతెపెక్ అను పల్లెప్రాంతమున పుట్టి, బడిపంతులై, చిన్న కాగితములమీద తన మొగమునే వందల మారులు గీసెను. ఆయన పటములలో ఆయనయు, ఆయన జీవితసహచరుడైన పురుషుడును ప్రక్కప్రక్కన నిలువగా, పైన గ్వాడలూపే మాత కనబడును. అన్నియు మ్రొక్కుబడి పటముల రీతియే. ఆ పటములలో కోపము లేదు. ఇంటిలోని యిద్దఱు బిడ్డలు తల్లి ముందు నిలుచున్నట్లుండును. చర్చి వారి బంధమును అంగీకరింపదు. తల్లి యంగీకరించునని ఆ పంతులు నమ్మకము. అయిదు వందల యేండ్ల క్రిందట గుట్టమీద పాత తల్లిని పోగొట్టుకొన్నవారును ఇట్టి నమ్మకముతోనే క్రొత్త తల్లి యొద్దకు వచ్చియుందురు.

సపాతా పటము తగవు తుదకిట్లు తీఱినది. పటమును తీసివేయలేదు. దాని ప్రక్కన, సపాతా కుటుంబమువారు ఈ చిత్రణము నొప్పుకొనలేదని తెలుపు చీటీ యొకటి అంటించిరి. ప్రదర్శనము ముగియువఱకు జనులు బారులు తీరి రెంటిని జూచిరి. ఆ పిదప ఆ పటమును ఒక పరదేశపు సేకర్త కొనెను. కొన్నవాడు స్పెయినువాడు.